వరి, గోధుమల్లో గెలిచాం; పప్పులు, నూనెల మాటేమిటి? ఆహార స్వయంసమృద్ధిపై చర్చ

పెన్నాతీరం (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. పోటీ పరీక్షలకు చదువుతున్న మా మేనకోడలు మొన్న నన్నొక ప్రశ్న అడిగింది. ఆమె చదివే పుస్తకంలో ఒకచోట మన దేశం ఆహార ధాన్యాల్లో స్వయంసమృద్ధి సాధించిందని ఉంది. నాలుగు పుటలు దాటాక, వంట నూనెల అవసరంలో సగానికి పైగా దిగుమతులతోనే తీరుతోందని ఉంది. “మామయ్యా, కంచంలో అన్నం మనదే, పప్పులో కొంత పరాయిది, తాలింపు నూనెలో సగం పరాయిది. ఇక ఏది నిజమని రాయాలి?” అని అడిగింది. ముప్ఫై ఏళ్లు అర్థశాస్త్రం బోధించిన నాకు ఒక్క వాక్యంలో జవాబు దొరకలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందుగా మనం ఎక్కడి నుంచి బయలుదేరామో గుర్తు చేసుకోవాలి. 1943 నాటి బెంగాల్ కరువు గాయం మానకముందే దేశ విభజన జరిగి, గోధుమ విస్తారంగా పండే పశ్చిమ పంజాబు కాలువ భూములు పాకిస్తాన్‌లోకి వెళ్లిపోయాయి. 1951 కల్లా విదేశీ ధాన్యం అక్కర లేకుండా చేస్తామని ప్రభుత్వం సంకల్పం చెప్పుకొంది; ఆ 1951లోనే అమెరికా నుంచి 20 లక్షల టన్నుల ధాన్యం కోసం అప్పు తీసుకోవలసి వచ్చింది. 1956లో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరి, రూపాయల్లో చెల్లించి అమెరికా గోధుమలు తెచ్చుకునే ఏర్పాటు జరిగాక, ఆ సంకల్పం ఇంకాస్త వెనక్కి జరిగింది. 1964-65లో 8.9 కోట్ల టన్నులు పండిన ఆహార ధాన్యాలు, వానలు లేని 1965-66లో 7.2 కోట్ల టన్నులకు పడిపోయాయి. మరుసటి ఏడాదీ కరువే. 1966లో దిగుమతులు కోటి టన్నులు దాటాయి. ఓడ దిగిన గోధుమ గోదాములో నిలవకుండా అటునుంచి అటే రేషన్ దుకాణాలకు వెళ్లేది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఒకేసారి ఏడాదికి సరిపడా ఒప్పుకోకుండా, నెలనెలా లెక్క చూసుకుని ఓడలు వదిలేవాడు. వారానికి ఒక పూట భోజనం మానమని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను కోరింది కూడా ఆ కరువు ముంచుకొస్తున్న రోజుల్లోనే.

1950-51లో 5.1 కోట్ల టన్నులుగా ఉన్న ఆహార ధాన్యాల ఉత్పత్తి 2023-24లో 33.2 కోట్ల టన్నులకు చేరింది. అందులో బియ్యం 13.8 కోట్లు, గోధుమ 11.3 కోట్లు. ఈ వ్యవధిలో జనాభా నాలుగు రెట్లు పెరిగితే, తిండిగింజలు ఆరున్నర రెట్లు పెరిగాయి. ఇది మామూలు సంగతి కాదు.

అయితే ఈ గెలుపును మనం విత్తనం ఖాతాలోనే వేస్తూ వచ్చాం. మేలైన విత్తనం, గిట్టుబాటు ధర, పండించినదాన్ని కొనేవాడు ఉన్నాడన్న భరోసా, ఈ మూడూ ఒకే కాలంలో రైతు గడప తొక్కినందువల్లనే వరి, గోధుమలు నిలబడ్డాయని నా నమ్మకం. సి. సుబ్రమణియం ఆహార, వ్యవసాయ మంత్రిగా ఉన్న 1965లోనే ధాన్యం కొనే భారత ఆహార సంస్థ, మద్దతు ధరలను సూచించే వ్యవసాయ ధరల కమిషన్ రెండూ ఏర్పడ్డాయి. పొట్టి గోధుమ, పొట్టి వరి అదే సమయంలో పొలాల్లోకి దిగాయి. పప్పులకూ నూనెగింజలకూ ఆ మూడూ ఎన్నడూ కలిసి రాలేదు. ఈ అంచనా సరైనదేనా? ఎవరి అనుభవం వారు రాయవలసిందిగా కోరుతున్నాను.

మాగాణి (పశ్చిమ గోదావరి)

పెన్నాతీరం గారూ, హరిత విప్లవం అనగానే అందరూ పంజాబు గోధుమ దగ్గరే ఆగిపోతారు. మా వైపు అది వరితో వచ్చింది. మా ఊరు ఆచంటకు దగ్గర. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్ 8 అనే పొట్టి వరి విత్తనాన్ని పండించి చూపించడం, ఆ విత్తనం చుట్టుపక్కల ఊళ్లకు పాకడం మా నాన్నగారు కళ్లారా చూశారు. ఆయన చెప్పిన మాటలే రాస్తున్నాను.

అంతకుముందు మా చేలల్లో అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటి పొడుగు రకాలు ఉండేవి. ఛాతీ దాకా పెరిగేవి. కాస్త ఎరువు ఎక్కువ వేస్తే చాలు, కంకి బరువుకు చేనంతా చాప చుట్టినట్టు పడిపోయేది. ఎకరానికి పది, పన్నెండు బస్తాలు వస్తే ఆ ఏడు దేవుడు చల్లగా చూశాడనుకునేవారు. ఐఆర్ 8 నారు వేసినప్పుడు మోకాలు దాటని ఆ మొక్కను చూసి, “పశువులకు గడ్డి కూడా రాదు, దీన్నేం చేసుకుంటాం” అని మా తాతగారు కోప్పడ్డారట. కోత కోసి, కుప్ప నూర్చి కొలిస్తే ముప్ఫై బస్తాలు దాటింది. ఆ రాత్రి తాతగారు కళ్లంలోనే మంచం వేసుకుని ధాన్యపు రాశి పక్కనే పడుకున్నారని నాన్నగారు ఎన్నోసార్లు చెప్పారు.

ఇందులో బయటివారికి అంతగా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పాత రకాల్లో చాలావాటికి పగటి వెలుతురు తగ్గే కాలం వస్తే గానీ కంకి వేసే గుణం లేదు. కాబట్టి అవి సార్వాకే, అంటే వానాకాలపు పంటకే పనికివచ్చేవి. ఐఆర్ 8కు ఆ పట్టింపు లేదు. ఎప్పుడు నాటినా సుమారు 130 రోజులకు కోతకు వస్తుంది. కాలువలో నీళ్లుంటే దాళ్వా, అంటే రబీ వరి కూడా నిండుగా వేయవచ్చునన్న ధైర్యం మాకు అక్కడి నుంచి వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్టతో కాటన్ దొర నీళ్లిచ్చాడు, ఆ నీటికి తగిన రెండో పంట 1967 తరువాతే సరిగా అందివచ్చింది.

అన్నం మాత్రం బాగుండేది కాదు. గింజ లావు, మధ్యలో సున్నంలా తెల్లటి మచ్చ, చల్లారితే మెతుకు గట్టిపడేది. పొలానికి సద్ది తీసుకువెళ్లే కూలీలు ఆ బియ్యం వద్దనేవారు.

విత్తనశాల (రాజేంద్రనగర్)

మాగాణి గారు రాసినది చదివి చాలా సంతోషించాను. వరి పరిశోధనలో పనిచేస్తున్నదానిగా రెండు మాటలు చేర్చాలి.

స్వయంసమృద్ధి అన్న మాటలో ‘స్వయం’ ఉంది గానీ, దాని మూలంలో ఉన్న విత్తనం ఏ ఒక్క దేశానిదీ కాదు. ఐఆర్ 8 పుట్టింది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో, 1966లో. దాని తల్లి ఇండోనేషియా రకం పేటా, తండ్రి తైవాన్ పొట్టి రకం. గోధుమకు పొట్టితనమిచ్చిన నోరిన్ 10 జపానుది; దాన్ని మెక్సికోలో అమెరికా శాస్త్రవేత్త బోర్లాగ్ తన రకాల్లోకి ఎక్కించారు; మన వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ బృందం వాటిని మన నేలల్లో పరీక్షించింది. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనం ఓడల్లో వచ్చింది. తిండిగింజలు అరువు తెచ్చుకుంటున్న దేశం, చేతిలో ఉన్న కొద్దిపాటి విదేశీ మారకాన్ని విత్తనం మీద పెట్టడం ఎంత సాహసమో ఆలోచించండి. సుబ్రమణియం గారు ఢిల్లీలోని తన అధికార నివాసం ముందున్న పచ్చికను తవ్వించి అక్కడ కొత్త గోధుమ విత్తించారు.

అయితే తెచ్చుకున్న విత్తనం అలాగే ఉండిపోయి ఉంటే మనం ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. ఐఆర్ 8కు ఆకు ఎండు తెగులు త్వరగా సోకేది. 1965లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఆరంభమైన అఖిల భారత సమన్వయ వరి పథకం మూడేళ్లకే ‘జయ’ను విడుదల చేసింది. కేరళలో నేటికీ మన కోస్తా నుంచి వెళ్లే ‘ఆంధ్ర జయ’ బియ్యాన్ని పేరు పెట్టి అడుగుతారు. అసలైన మలుపు మాత్రం, నా దృష్టిలో, పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరుది. 1925 నుంచి పనిచేస్తున్న ఆ పరిశోధన స్థానం 1982లో స్వర్ణను, అంటే ఎంటీయూ 7029ను విడుదల చేసింది. వశిష్ట అనే రకాన్ని, మలేషియా మూలానికి చెందిన మసూరితో కలిపి రూపొందించినది. తక్కువ ఎరువుతో కూడా దిగుబడినిస్తుంది. కోతల వేళ తుపాను వచ్చి చేను నేలవాలినా కంకిలోని గింజ వెంటనే మొలకెత్తదు. ఈ రెండు గుణాల వల్లే అది ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ మీదుగా బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. ఒడిశా నాటు రకంలో ఉన్న ముంపును తట్టుకునే జన్యువును అదే స్వర్ణలోకి ఎక్కించి 2009లో ఇచ్చిన రకం వరద ప్రాంతాల్లో రెండు వారాలు నీట మునిగినా బతుకుతోంది. ఇక 1986లో బాపట్ల ఇచ్చిన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, రుచి విషయంలో కూలీలు పడ్డ బాధను తీర్చింది.

బియ్యం సంచి మీద ఎంటీయూ, బీపీటీ, ఆర్ఎన్ఆర్ అన్న అక్షరాలు కనిపిస్తే అవి మార్టేరు, బాపట్ల, రాజేంద్రనగర్ అని మీ పిల్లలకు చెప్పండి.

తూకపురాయి (గుంటూరు)

నేను ధాన్యం సేకరణలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. విత్తనం గురించి పెద్దలు రాశారు కాబట్టి కొనుగోలు గురించి నేను రాస్తాను.

మద్దతు ధర ప్రకటించడం వేరు, ఆ ధరకు కొనడం వేరు. కేంద్రం 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. కొనుగోలు యంత్రాంగం ఊరూరా, సంచి సంచికీ ఉన్నది మాత్రం వరికి, గోధుమకే. ఆ యంత్రాంగం ఎంత సూక్ష్మంగా నడుస్తుందో చూడనివారికి తెలియదు. రైతు రాశి పోసిన చోటికి వెళ్లి, రాశికి నాలుగు వైపులా, లోపలి నుంచి కూడా గుప్పెడు గుప్పెడు తీసి కలిపి తేమ యంత్రంలో వేస్తాం. 17 శాతం దాటితే ఆరబెట్టమని చెప్పాలి. పాత రైతులు యంత్రం ముల్లు కదలకముందే గింజను పంటి కింద వేసి కొరికి, ‘టక్’మన్న శబ్దాన్ని బట్టి సరిగ్గా చెప్పేవారు. వంద కిలోల ధాన్యానికి 67 కిలోల బియ్యం మిల్లరు అప్పగించాలి. గోనె సంచులు, లారీలు, గోదాములో అట్టీలు, పురుగు పట్టకుండా మందు, ప్రతి దశలోనూ కాగితం ఉంటుంది, మనిషి ఉంటాడు. తేమ పేరిట, తాలు పేరిట రైతు దగ్గర కిలోలకు కిలోలు కోత పెట్టే మిల్లులను కూడా చూశాను. ఆ అన్యాయాన్ని చాలాసార్లు ఆపలేకపోయామన్న బాధ నాకు నేటికీ ఉంది.

ఇంత లోపం ఉన్నా ఆ నిల్వలు ఎందుకు అవసరమో 2020లో తెలిసింది. లాక్‌డౌన్ విధించిన కొద్ది వారాలకు, ఆ జూన్ నాటికి, కేంద్ర నిల్వల్లో 8 కోట్ల టన్నులకు పైగా బియ్యం, గోధుమలు ఉన్నాయి. ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు అదనంగా, ఉచితంగా ఇవ్వగలిగాం. 1966లో ఓడ ఎప్పుడొస్తుందా అని రేవు వైపు చూసిన దేశమే ఇది.

కాబట్టి పెన్నాతీరం గారి అంచనాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కందులకు, శనగలకు కొనుగోలు కేంద్రాలు పెట్టలేదని కాదు. పెడతారు, కొంత పరిమాణం కొనగానే లక్ష్యం పూర్తయిందని మూసేస్తారు.

రాగిసంకటి (అనంతపురం)

పెద్దల మాటలకు అడ్డు చెబుతున్నందుకు మన్నించాలి. మీరంతా ప్రధాన ఆహారం అంటే వరి, గోధుమలే అన్నట్టు రాస్తున్నారు. మా నేలకు అవి ఎప్పుడూ ప్రధాన ఆహారం కావు. మా అవ్వ కాలంలో జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్రన్నం తిన్నారు. వరి అన్నం పండగకు వండేవారు. ఆ పంటలను వానకే పండించుకునేవాళ్లం, ఏ ఆనకట్టా అడగలేదు. దేశం స్వయంసమృద్ధి సాధించిందని మీరు లెక్క చెప్పే ఈ అరవై ఏళ్లలోనే మా ఊరు తన తిండిని తాను పండించుకోవడం మానేసింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలిని తీర్చిందన్న మాట ముమ్మాటికీ నిజం, ఆ మేలు నేను మరువను. అయితే అదే దుకాణంలో అదే ధరకు మా జొన్నలు, రాగులు కూడా కొని అమ్మి ఉంటే మా చేలల్లో అవి మిగిలి ఉండేవి. వాటి స్థానంలో వేరుశనగ ఒక్కటే దిగింది. ఒకప్పుడు ఒక్క మా జిల్లాలోనే ఎనిమిది లక్షల హెక్టార్లకు అటూ ఇటూ వేరుశనగ సాగయ్యేది. వాన తప్పితే కాయ లేదు, కాయ ఉంటే ధర లేదు.

నూనెగింజల సంగతి ఎత్తారు కాబట్టి మా బాధ కూడా లెక్కలో చేర్చండి. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలయ్యాక పదేళ్లు గడవకముందే దేశం వంట నూనెల్లో దాదాపు తన కాళ్ల మీద తాను నిలబడింది. 1994 తరువాత పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచి, సుంకాన్ని అంచెలంచెలుగా తగ్గించారు. ఆ చవక నూనె ముందు మా గానుగ నూనె నిలవలేదు. విత్తనం చెడిపోయి కాదు, రైతుకు చేతకాక కాదు. ఒకసారి సాధించినదాన్ని చేజార్చుకున్నాం.

పెన్నాతీరం (నెల్లూరు)

రాగిసంకటి గారూ, మీరు మన్నించమని అడగనక్కర లేదు. నేను మొదటి టపాలో ఆరున్నర రెట్లు అని గర్వంగా రాసిన అంకెలో జొన్న, సజ్జ, కొర్రల విస్తీర్ణం తరిగిపోయిన సంగతి కనబడదు. ఆ లోపాన్ని ఒప్పుకుంటున్నాను. 2023-24 లెక్క ప్రకారం దేశం సుమారు 1.57 కోట్ల టన్నుల వంట నూనె దిగుమతి చేసుకుంది. దేశంలో తయారైనది 1.22 కోట్ల టన్నులే. 1990ల ఆరంభంలో ఉన్న స్థితితో పోలిస్తే ఇది పెద్ద పతనం. 2021లో 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించారు. దేశంలో పామాయిల్ అత్యధికంగా వచ్చేది ఆంధ్రప్రదేశ్ నుంచే, కాబట్టి ఇది మనకు దగ్గరి విషయం. అయితే మొక్క నాటిన మూడు, నాలుగేళ్లకు గానీ గెల చేతికి రాదు. అంతకాలం కాచుకున్న రైతును సుంకం తగ్గింపు ఒక్క రాత్రిలో దెబ్బ తీయగలదు.

నల్లరేగడి (ప్రకాశం)

శనగ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాయాలి. మా నల్లరేగడిలో ఒకప్పుడు పొగాకు, పత్తి తప్ప వేరే మాట లేదు. శనగ ఉత్తరాది పంట, చలి కావాలి, మనకు కుదరదు అనేవారు. హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన జేజీ 11 రకం 1999లో విడుదలై, ఆ తరువాత మా వైపు వచ్చింది. ఎండు తెగులును తట్టుకుంటుంది, 95, 100 రోజుల్లో కోతకు వస్తుంది. అక్టోబరు చివర్లో వాన పదునున్నప్పుడు గొర్రుతో విత్తితే, ఆ తరువాత ఒక్క చినుకు పడకపోయినా నేలలో దాగిన చెమ్మతో, తెల్లవారుజాము మంచుతో పండుతుంది. ఉదయం పూట చేలోకి వెళితే ఆకుల మీది పులుపు కాళ్లకు తగిలి చురచుర మంటుంది. పదేళ్లలో ప్రకాశం, కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల నల్లనేలలన్నీ శనగతో నిండిపోయాయి. ఎకరాకు ఏడెనిమిది క్వింటాళ్లు తీసిన రైతులు మాలో చాలామంది ఉన్నారు.

మరి ఎక్కడ దెబ్బ తిన్నాం? 2015లో కందిపప్పు కిలో రెండు వందలు దాటినప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. పప్పులు పండించండని రైతులను కోరారు. పండించాం. 2015-16లో 1.63 కోట్ల టన్నులున్న పప్పుధాన్యాల ఉత్పత్తి ఒక్క ఏడాదిలో 2.31 కోట్ల టన్నులైంది. అదే ఏడాది 60 లక్షల టన్నులకు మించి దిగుమతి కూడా వచ్చిపడింది. కందుల ధర మద్దతు ధరకన్నా కిందికి జారింది; ఆ వెనుకే శనగ కూడా కూలింది. మేము శనగలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకుని, ధర కోసం ఎదురుచూశాం. రెండో పంట వచ్చినా మొదటి పంట అక్కడే ఉంది. అద్దె, వడ్డీ కలిపితే సరుకు విలువలో నాలుగో వంతు పోయింది. మా ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఒక ఏడాది వాయిదా పడింది ఆ సంచుల వల్లే.

మళ్లీ 2023 డిసెంబరులో పసుపు బఠానీ మీద సుంకం ఎత్తివేశారు. బఠానీ చవకగా దిగితే శనగపిండిలో, పప్పులో శనగ స్థానాన్ని అది తీసుకుంటుంది. వినియోగదారుడి ధర తగ్గాలన్న ప్రభుత్వ ఆలోచన నాకు అర్థమవుతుంది. అయితే విత్తేముందు రైతుకు ఒక మాట చెప్పి, కోసేనాటికి ఆ మాట మారిస్తే, మరుసటి ఏడాది ఎవరు విత్తుతారు?

దూరపుగడప (డాలస్)

మాది నిజామాబాద్, ఇప్పుడు ఉంటున్నది అమెరికాలో. 2023 జూలై 20న మన దేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు, ఇక్కడి భారతీయ దుకాణాల ముందు తెల్లవారకముందే వరుసలు కట్టారు. సోనా మసూరి సంచులు మనిషికి ఒకటే అని బోర్డు పెట్టారు. నేనూ ఆ వరుసలో నిలుచున్నాను. పి.ఎల్. 480 గోధుమ రవ్వతో బడిలో పెట్టిన ఉప్మా తిని పెరిగానని మా నాన్న చెప్పేవారు. ఆయన కొడుకు అమెరికాలో మన బియ్యం కోసం నిలబడ్డాడు. 2022-23లో ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు నలభై శాతం మనదే కాబట్టి, ఆ నిషేధంతో మాకన్నా ఎక్కువ బాధపడింది ఆఫ్రికాలోని పేద దేశాలు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు చివర్లో తొలగింది. మన ఇంట్లో నిల్వ ఉండాలన్నది న్యాయమే. మన మీద ఆధారపడ్డవారికి ముందుగా చెప్పే పద్ధతి కూడా ఉండాలని నాకు అనిపించింది.

మానేరు (కరీంనగర్)

వరి ఎక్కువైతే వచ్చే చిక్కు తెలంగాణ రైతుకు బాగా తెలుసు. గత పదేళ్లలో మా దగ్గర వరి సాగు ఎవరూ ఊహించనంత పెరిగింది. యాసంగి ధాన్యం ఎండకు ఎండి, మర పట్టేటప్పుడు నూకలవుతుంది. అందుకని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోలేమని 2021లో కేంద్రం అన్నప్పుడు, మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రాల ముందు రాశులు పోసుకుని రాత్రింబగళ్లు కాపలా కాశాం. అకాల వానకు టార్పాలిన్లు కప్పాం, తడిసి మొలకలొచ్చిన వడ్లను మళ్లీ ఆరబోశాం. వరి వేయొద్దన్నారు సరే. మరి ఏది వేస్తే కొంటారో ఆ మాట గట్టిగా చెప్పినవారు లేరు.

ఎరువు సంగతి కూడా ఎవరైనా ఎత్తాలి. మనం తినే గింజ మనదే గానీ దానికి వేసే పొటాష్ దాదాపు అంతా బయటిదే, డీఏపీలో అధిక భాగం బయటిదే. 2021లో రామగుండం కర్మాగారం మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టి ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తీయగల స్థితికి వచ్చినందుకు మాకు సంతోషమే. యూరియాకు కావలసిన సహజవాయువులో మాత్రం చాలా భాగం ఓడల మీదే వస్తోంది. ఓడ మీద గోధుమ రావడం ఆగింది, గోధుమకు వేసే ఎరువు రావడం ఆగలేదు.

తూకపురాయి (గుంటూరు)

మానేరు గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, సాగు నీరుండి కూడా చేలు బీడు పెట్టారు. ఖర్చుకు తగ్గ ధర లేదు, పండించిన ధాన్యాన్ని దింపడానికి గోదాముల్లో చోటు లేదు, మురుగు కాలువలు పూడిపోయి ముంపు బాధ తీరలేదు. అన్నపూర్ణ అని పిలిపించుకున్న నేల అది. దేశం గాదె నిండినంత మాత్రాన పండించినవాడి ఇల్లు నిండినట్టు కాదని ఆ ఏడాది ఉద్యోగంలో ఉండి నేర్చుకున్నాను.

విత్తనశాల (రాజేంద్రనగర్)

ఇంతమంది అనుభవాలు చదివాక నాకు ఒక విషయం స్పష్టమైంది. పప్పుల్లో విత్తనం లేదన్న సాకు నిలబడదు. శనగకు జేజీ 11 ఉంది. కోత యంత్రానికి అందేంత ఎత్తు పెరిగే నంద్యాల శనగ ఎన్‌బీఈజీ 47 ఉంది. మినుములో బూడిద తెగులు డెల్టా మాగాణులను తుడిచిపెట్టిన రోజుల్లో గుంటూరు దగ్గరి లాం ఫారం ఇచ్చిన ఎల్‌బీజీ 17, రైతులు కృష్ణయ్య అని పిలుచుకున్న రకం, పంటను తిరిగి నిలబెట్టింది. వరి కోసిన మాగాణిలో, వేరే దుక్కి లేకుండా, వేరే నీరు లేకుండా పప్పు పండించే పద్ధతి మన కృష్ణా, గోదావరి రైతులకు తరతరాలుగా తెలుసు. దేశంలో వరి కోశాక ఖాళీగా ఉండిపోయే భూమి కోటి హెక్టార్లకు పైగా ఉందని అంచనా, అందులో ఎక్కువ భాగం తూర్పు రాష్ట్రాలది. అక్కడికి ఈ పద్ధతి చేరితే పప్పుల లోటు చాలా వరకు తీరుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మాగాణి గారూ, మీరు ఈ ఏడాది సార్వా తరువాత మినుము వేస్తున్నారా? వేస్తే ఎలా వేస్తున్నారో, ఏ ఇబ్బందులు వస్తున్నాయో వివరంగా రాయగలరా? మా వద్దకు వచ్చే ఒడిశా విద్యార్థులకు చూపించాలని అడుగుతున్నాను.

మాగాణి (పశ్చిమ గోదావరి)

విత్తనశాల గారూ, వేస్తున్నాను. మొత్తం ఎనిమిది ఎకరాల్లో మూడింటిలోనే. ఎందుకు మూడే అన్నది చివర రాస్తాను.

కోతకు రెండు, మూడు రోజుల ముందు, వరి నిలబడి ఉండగానే, చేలో నీరు తీసేసి, అడుగు వేస్తే మడమ గుర్తు పడేంత పదును ఉన్నప్పుడు విత్తనం చల్లాలి. ఎకరాకు పదహారు కిలోలు. విత్తనానికి ముందురోజే మందు పట్టించి నీడన ఆరబెడతాం. మంచు ఆరాక, కంకులు తడి లేకుండా ఉన్నప్పుడు చల్లితే గింజ ఆకులకు అంటుకోకుండా నేలకు దిగుతుంది. చల్లే మనిషి చేతివాటం మీదే అంతా ఉంది. మా ఊళ్లో ఆ చేయి ఉన్నవారు ఇద్దరే మిగిలారు. వారిలో ఒకరికి డెబ్బై ఏళ్లు. కోసిన వరి పనలు మూడు రోజులకు మించి చేలో ఉంచకూడదు, వాటి కింద మొలక పాలిపోతుంది. బంగారు తీగ కనిపిస్తే పూత రాకముందే, అల్లుకున్న మొక్కతో సహా పీకి గట్టు మీద కాల్చాలి. డెబ్బై అయిదు, ఎనభై రోజులకు కాయ నల్లబడుతుంది.

ఇబ్బందులు రెండు. పల్లాకు తెగులు వస్తే చేను పసుపు పులిమినట్టవుతుంది. అందుకే తట్టుకునే రకమే తెస్తున్నాను. రెండోది కోత యంత్రం. కొడవలితో కోసేవారు దొరకరు. యంత్రం దిగితే చక్రాల బరువుకు ముందే చల్లిన మొలకలు నలిగిపోతాయి, పదును చేలో గాడులు పడతాయి. అందుకే చుట్టుపక్కలవారు కోత అయ్యాక దున్నకుండానే మొక్కజొన్న నాటేస్తున్నారు. దానికి కొనేవాడు కళ్లం దగ్గరికే వస్తాడు.

మూడు ఎకరాలే ఎందుకంటే, కొడవలి కూలీలు నాకు ఆ మేరకే దొరికారు. మద్దతు ధరకు కొనుగోలు కేంద్రం మా మండలంలో తెరుస్తారో లేదో సంక్రాంతి దాటితే గానీ తెలియదు. ఆ మాట విత్తే ముందే చెబితే మిగతా అయిదు ఎకరాల్లోనూ చల్లేవాడిని. బుధవారం ఉదయం కోత మొదలవుతుంది. ఈరోజు సాయంత్రం చేలోకి దిగి చూశాను, పదును సరిగ్గా ఉంది. రేపు మంచు ఆరగానే ఆ పెద్దాయనతో చల్లిస్తాను. మీ విద్యార్థులు వచ్చేటట్టయితే పదో రోజున రమ్మనండి, అప్పటికి మోళ్ల మధ్య రెండేసి ఆకులు కనిపిస్తాయి.